పెళ్లిళ్లకి ఫుల్ ఫ్రేమ్ కెమెరానే కరెక్ట్
పెళ్లి ఫొటోలు తీసే ప్రొఫెషనల్ అంటే మీడియం ఫార్మాట్ కెమెరానే (ఫుల్ ఫ్రేమ్ కంటే పెద్ద సెన్సార్, అంటే బొమ్మని పట్టే చిప్ ఉండేది) కొనాలన్నట్టు ఒక పోస్టులో రాశారు, నేనొప్పుకోనండి. ఫూజీ వాళ్ల మీడియం ఫార్మాట్ కెమెరా జీఎఫ్ఎక్స్ సెన్సార్ 43.8×32.9 ఎంఎం, ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36×24, అంటే ఏరియాలో దాదాపు 1.7 రెట్లు, 102 మెగాపిక్సెల్స్ బాడీలో పట్టుచీర జరీ పోగు పోగూ కనిపిస్తుంది నిజమే, నగల షూట్లు, పెద్ద హోర్డింగులు చేసేవాళ్లు హాయిగా కొనుక్కోవచ్చు. కానీ జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు కదా, తలంబ్రాలు పోటీపడి పోసుకుంటుంటే ఆటోఫోకస్ మొహాన్ని వదలకూడదు, అక్కడ నాకు ఫుల్ ఫ్రేమ్ స్పీడే కావాలి. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కోసమే అయితే జీఎఫ్ఎక్స్‌కి పెట్టే జీఎఫ్ 80 ఎంఎం ఎఫ్1.7 లెన్సు (ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ బ్లర్ పెరుగుతుంది) ఫుల్ ఫ్రేమ్ లెక్కలో సుమారు 63 ఎంఎం ఎఫ్1.3 అవుతుంది, మరి ఇటు ఫుల్ ఫ్రేమ్‌కే 85 ఎంఎం ఎఫ్1.2 లెన్సులు ఉన్నాయిగా! కొత్తగా ఫీల్డ్‌లోకొచ్చే తమ్ముళ్లూ, అప్పు చేసి మీడియం ఫార్మాట్ కొనకండి, ముందు ఒక్కరోజు అద్దెకి తెచ్చి మండపంలో వాడి చూడండి.