మా తర్వాత వీడికెవరు? ట్రస్టీని ఎంచుకునే ముందు

మానసిక ఎదుగుదల లేని బిడ్డ, ఆటిజం ఉన్న బిడ్డ ఇంట్లో ఉన్న తల్లిదండ్రుల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటే. మేం పోయాక వీడిని ఎవరు చూస్తారు? కాస్తో కూస్తో ఆస్తి ఉన్నవాళ్లు ఆ భయంతోనే ఫ్యామిలీ ట్రస్ట్ వైపు చూస్తున్నారు. ఇల్లు, ఎఫ్‌డీలు ట్రస్ట్ పేరున పెట్టి, వచ్చే అద్దె, వడ్డీ బిడ్డకే ఖర్చు పెట్టాలని రాస్తున్నారు. మంచి ఆలోచన. ట్రస్ట్ షరతులన్నీ ఉండే పత్రాన్ని, అంటే డీడ్‌ను, రాయించడానికి లాయరు దొరుకుతాడు. స్థిరాస్తి ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అదీ ఒక పూటలో అయిపోతుంది. అసలు కష్టమంతా ఆ ఆస్తిని బిడ్డ కోసం నడిపే మనిషి, అంటే ట్రస్టీ దగ్గరే.

మన ఇళ్లలో ఈ ఎంపిక దాదాపు ఆలోచించకుండానే జరిగిపోతుంది. పెద్దోడు అమెరికాలో ఉన్నాడు, బాగా స్థిరపడ్డాడు, తమ్ముడంటే ప్రాణం. వాడే ట్రస్టీ. డీడ్ చివర్లో ఇంకో వాక్యం కూడా పడుతుంది: చిన్నోడి తదనంతరం మిగిలినదంతా పెద్దోడికి చెందుతుంది. ఇందులో తప్పేముందని అడుగుతారు. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం అదే.

ఒక్కసారి ఊహించండి. చిన్నోడికి నలభై ఏళ్లు వచ్చాయి. రాత్రిళ్లు లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోతున్నాడు. పగలు చూసే ఆయాతో సరిపోదు, రాత్రికి ఇంకో మనిషి కావాలి. అంటే నెలనెలా ఇంకో జీతం. ఫిజియోథెరపీ వారానికి రెండుసార్లు చాలా, మూడుసార్లు కావాలా? పళ్లు చవకగా పీకించేద్దామా, ఖర్చయినా వైద్యం చేయిద్దామా? వీటిలో తమ్ముడి కోసం పెట్టే ప్రతి రూపాయీ రేపు అన్నకు వచ్చే వాటాలోంచే పోతుంది. అన్న దుర్మార్గుడు కానక్కర్లేదు. ఇంటి లోను, పిల్లల కాలేజీ ఫీజులు మీద పడ్డప్పుడు ‘ఇప్పుడే అవసరమా, చూద్దాంలే’ అనిపించడం మనిషన్నవాడికి సహజం. ఆ మాట అడ్డం చెప్పలేని తమ్ముడి మీద పడుతుంది.

ఈ సంగతిని 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం ఎప్పుడో గుర్తించింది. లబ్ధిదారు (ఇక్కడ బిడ్డ) ప్రయోజనానికి అడ్డొచ్చే స్వప్రయోజనం ఉన్నవాళ్లు, విదేశాల్లో స్థిరనివాసం ఏర్పరచుకున్నవాళ్లు, అప్పుల్లో దివాలా తీసినవాళ్లు ట్రస్టీగా తగినవాళ్లు కారని 60వ సెక్షన్ అంటుంది. డబ్బు చేతిలో పెట్టుకునే ట్రస్టుకు కనీసం ఇద్దరు ట్రస్టీలు ఉండాలని కూడా అందులోనే ఉంది. ట్రస్టీ వరుసగా ఆరు నెలలు దేశంలో లేకపోతే ఆయన స్థానంలో మరొకరిని నియమించే వీలు 73వ సెక్షన్ ఇస్తుంది. ప్రతి వీధిలో ఒకరో ఇద్దరో పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మన ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

పెద్దోడిని పక్కన పెట్టమని కాదు నేననేది. తమ్ముడి మంచిచెడ్డలు చూసేవాడిగా, లెక్కలు అడిగేవాడిగా ఉండనివ్వండి. డబ్బు పెత్తనం మాత్రం ఈ ఊళ్లోనే ఉండే, ఆ ఆస్తిలో చిల్లిగవ్వ కూడా రాని ఇద్దరి చేతిలో పెట్టండి. ఒకరు బిడ్డను ఎరిగిన మనిషి, పిన్ని కూతురో, స్పెషల్ స్కూల్లో ఏళ్ల తరబడి చూసిన టీచరో. ఇంకొకరు లెక్కలు తెలిసిన మనిషి, ఆడిటరో, రిటైరైన బ్యాంకు ఉద్యోగో. వయసులో మీకంటే బాగా చిన్నవాళ్లయి ఉండాలి. అరవై దాటిన తండ్రి తన ఈడు స్నేహితుడిని ట్రస్టీగా పెట్టుకుంటే బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

బ్యాంకుల అనుబంధ ట్రస్టీ కంపెనీలూ ఉన్నాయి. వాటికి ముసలితనం రాదు, వాటాల గొడవ ఉండదు. కానీ కుక్కర్ విజిల్ వినగానే చెవులు మూసుకుని మూలకు పోయే పిల్లాడి సంగతి వాటి ఫైల్లో ఉండదు. ఆస్తి పెద్దదైతే లెక్కల మనిషి బదులు కంపెనీని పెట్టుకోవచ్చు, బిడ్డను ఎరిగిన మనిషికి బదులుగా మాత్రం వద్దు.

మనల్ని దెబ్బతీసేది మొహమాటం. ‘ఇంటివాడికి జీతమేంటి, లెక్కలేంటి’ అంటాం. డీడ్‌లో రాయకపోతే ట్రస్టీకి ప్రతిఫలం అడిగే హక్కే లేదు. ఊరికే చేసేవాడు మొదటి రెండేళ్లు ప్రేమతో చేస్తాడు, తర్వాత విసుగుతో చేస్తాడు. కాబట్టి ఎంతోకొంత ఇవ్వాలని రాయండి. ఏటా లెక్కలు ఆడిట్ చేయించి ఫలానా వారికి పంపాలనీ రాయండి. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అని ఊరికే అనలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. డీడ్‌లో వేరేలా లేకపోతే ట్రస్టీలందరూ కలిసే నిర్ణయం తీసుకోవాలి. ముగ్గురుంటే ఒకరి సంతకం కోసం ఆస్పత్రి బిల్లు ఆగిపోకుండా ఇద్దరి మాట చాలని రాసుకోవాలి.

ట్రస్టీ తర్వాత ట్రస్టీ ఎవరన్న సంగతి కూడా తేల్చుకోవాలి. హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1951లో నగల కోసం ట్రస్ట్ పెట్టారు. 1967లో ఆయన పోయారు. ఆ నగలను ట్రస్టీలు భారత ప్రభుత్వానికి 218 కోట్ల రూపాయలకు అమ్మింది 1995లో, అంటే డీడ్ రాసినాయన పోయిన 28 ఏళ్లకు. మన చిన్న ట్రస్టులూ అంతకాలం నడవాల్సినవే. ట్రస్టీ పోతే తర్వాత ఎవరు, ఎవరు నియమిస్తారు, పని చేయని ట్రస్టీని తీసేసే అధికారం ఎవరిది? ఈ మూడూ డీడ్‌లో లేకపోతే ఆఖరికి కోర్టు మెట్లెక్కాలి.

ఎంచుకున్న మనిషిని ముందుగా అడగండి. ట్రస్టీగా ఉండాలని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. ఒకసారి ఒప్పుకున్నాక మాత్రం తనంతట తాను తప్పుకోవడం తేలిక కాదు. అందుకే మీరు బతికుండగానే ట్రస్ట్ మొదలుపెట్టి, చిన్న మొత్తం వేసి, వాళ్ల చేత నడిపించండి. నెలనెలా బిడ్డ ఖర్చులు వాళ్లే ఇవ్వాలి, ఏడాది చివర లెక్క మీ ముందు పెట్టాలి. ట్రస్టీని మార్చే అధికారం మీ చేతిలోనే ఉంచుకుని డీడ్ రాయిస్తే, ఆ లెక్క చూశాక నచ్చకపోతే ఇంకొకరిని వెతుక్కునే వ్యవధి మీకుంటుంది.