గేటు ముందు గంటలకు లెక్కేదీ?

ఆగి ఉన్న లారీలో ఇంజిన్ నిర్ణీత నిమిషాలకు మించి తిరిగితే దాన్ని డ్రైవర్ తప్పు కింద రాసుకుని, ప్రోత్సాహకంలోనో ట్రిప్పు బత్తాలోనో కోత పెట్టే పద్ధతి రవాణా కంపెనీల్లో పాతుకుపోతోంది. బండికి అమర్చిన పరికరం నిమిషం నిమిషమూ కంపెనీ కార్యాలయానికి చేరవేస్తుంది. పరిమితి దాటగానే డ్రైవర్‌కు ఫోను వస్తుంది. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లోనూ ఈ పరిమితిని సడలించకపోవడం అమానుషం. లారీని సరకుదారులు గంటల తరబడి ఆపి ఉంచితే, ఆ నిరీక్షణకు అయ్యే డీజిల్‌ను కంపెనీలు డ్రైవర్ ఖాతాలో వేయడం అంతకు మించిన అన్యాయం.

మూడున్నర టన్నుల స్థూల బరువు దాటే సరకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్ర రహదారి రవాణా శాఖ 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 నుంచి తయారవుతున్న కొత్త లారీలు ఆ మేరకే వస్తున్నాయి. మండే క్యాబిన్లలో రోజుకు 12 గంటలు, 14 గంటలు బండి నడుపుతున్న మనుషుల కోసమే ఈ నిబంధన అని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ అప్పట్లో చెప్పారు. అయితే లారీ ఏసీ కంప్రెసర్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే చల్లగాలీ ఆగుతుంది. చట్టం క్యాబిన్‌లో ఏసీ పెట్టించాక, బండి ఆగిన కొద్ది నిమిషాలకే ఇంజిన్ కట్టేయాలని కంపెనీ శాసిస్తే ఆ చట్టం ఎవరి కోసం చేసినట్టు?

రవాణా ఖర్చులో డీజిల్‌దే పెద్ద వాటా అని, 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లలో ఇంజిన్ ఊరికే తిరిగేకొద్దీ పొగగొట్టంలోని వడపోత పరికరం మసితో పూడుకుపోతుందని, పొగ చుట్టుపక్కలవారికీ చేటేనని కంపెనీలు అంటున్నాయి. ఈ మాటల్లో నిజం ఉంది. కానీ ఆ ఖర్చు ఎవరివల్ల పుడుతోందన్నదే అసలు ప్రశ్న.

జగ్గయ్యపేట, తాడిపత్రి ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీల ముందు, విశాఖ పోర్టు దారుల్లో, మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర నిలిచి ఉండే లారీల వరుసలను చూసినవారికి దీనిమీద వివరణ అక్కర్లేదు. గేటు పాస్ కోసం ఒకసారి, కాటా దగ్గర మరోసారి, హమాలీలు వచ్చేదాకా ఇంకోసారి లారీ ఆగుతుంది. పగటిపూట భారీ వాహనాలను లోనికి రానివ్వని హైదరాబాద్ వంటి నగరాలకు సరకు తెచ్చిన డ్రైవర్ శివార్లలో పొద్దుగూకేవరకు పడిగాపులు కాయాలి. వరుసలో బండి ముందుకు కదులుతూ ఉంటుంది కనుక దాన్ని వదిలి చెట్టు నీడకు వెళ్లేందుకూ వీలుండదు. ఇందులో ఏ ఒక్క గంటా డ్రైవర్ కోరుకున్నది కాదు. ఆ గంటలకు హాల్టింగ్ ఛార్జీ (బండిని ఆపి ఉంచినందుకు ఇచ్చే సొమ్ము) వస్తే గిస్తే బండి యజమానికి వస్తుంది తప్ప ట్రిప్పు లెక్కన బత్తా తీసుకునే డ్రైవర్‌కు పైసా చేరదు. అతడి పేరున నమోదయ్యేవల్లా ఇంజిన్ తిరిగిన నిమిషాలే.

డీజిల్ వృథా చేయాలన్న సరదా డ్రైవర్లకు లేదు. సొంత బండి నడుపుకొనేవారు ఎవరూ చెప్పకుండానే ఇంజిన్ కట్టేస్తారు. కానీ రాత్రంతా ఆగిన బండి పొద్దున కదలాలంటే ఎయిర్ బ్రేకుల ట్యాంకుల్లో తగినంత గాలి నిండేవరకు ఇంజిన్ తిరగాల్సిందే. బరువు లాగి వచ్చిన ఇంజిన్‌ను ఉన్నపళంగా ఆపితే టర్బో దెబ్బతింటుందని, రెండు మూడు నిమిషాలు తిరగనిచ్చి ఆపాలని మెకానిక్కులే చెబుతారు. కాంక్రీటు మిక్సర్ లారీలో డ్రమ్ము ఆగితే లోపలి సరకు గడ్డకడుతుంది. ఇంజిన్ మీద ఆధారపడి చల్లబడే పెట్టెల్లో రొయ్యలను భీమవరం నుంచి తీసుకెళ్లే బండిదీ అదే అవస్థ. ఇంజిన్ ఆన్‌లో ఉందని మాత్రమే తెలిసిన పరికరానికి ఈ తేడాలు పట్టవు. వాటిని చూడవలసిన మేనేజర్లు కూడా తెరమీది అంకెనే తీర్పుగా తీసుకుంటున్నారు.

క్యాబిన్‌లో ఎందుకు పడుకోవడం అని అడిగేవారు, వేరే చోటు ఎక్కడుందో కూడా చెప్పాలి. రోజుకు 8 గంటల పని, దూరప్రయాణాల్లో గరిష్ఠంగా 10 గంటలు, రాత్రి ఆగవలసిన చోట యాజమాన్యమే విశ్రాంతి గదులు కల్పించడం: ఇవన్నీ 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాసిపెట్టారు. జాతీయ రహదారుల వెంట డ్రైవర్ల కోసం తొలిదశలో 1000 విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ప్రకటించారు. లోడు వదిలి కదలలేని డ్రైవర్‌కు నేటికీ సీటు వెనకాల పలకే మంచం. 2015 వేసవిలో వడగాడ్పులు రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,500 మందికి పైగా ప్రాణాలు తీసిన సంగతిని ఇంత త్వరగా ఎలా మరిచిపోయాం? ఇనుప డబ్బాలాంటి క్యాబిన్‌లో ఉక్కకు, దోమలకు కంటిమీద కునుకు లేకుండా రాత్రి గడిపిన మనిషే తెల్లవారుజామున 25 టన్నుల లోడుతో విజయవాడ-హైదరాబాద్ రహదారి ఎక్కుతున్నాడు. అదే రోడ్డు మీద బస్సుల్లో, కార్లలో మనమూ వెళుతున్నాం.

అమెరికాలో డీజిల్ లారీల ఇంజిన్ 5 నిమిషాలకు మించి ఊరికే తిరగరాదని కాలిఫోర్నియా కట్టడి చేసింది. పడక క్యాబిన్లను కూడా 2008లో ఆ పరిధిలోకి తెచ్చింది. కానీ అక్కడ క్యాబిన్‌ను చల్లబరచడానికి చిన్న సహాయక ఇంజిన్లు, బ్యాటరీ ఏసీలు, కొన్ని ట్రక్ స్టాపుల్లో కరెంటు ప్లగ్గులు వచ్చాయి. తక్కువ కాలుష్యం వెదజల్లే ఇంజిన్లకు మినహాయింపూ ఉంది. బ్యాటరీతో నడిచే పార్కింగ్ ఏసీలు మన మార్కెట్లోనూ దొరుకుతున్నాయి. వాటిని కొనకుండా పరిమితిని మాత్రమే అరువు తెచ్చుకున్న కంపెనీలు పర్యావరణం పేరెత్తకపోవడం మంచిది.

ఈ కోత నిలిస్తే ఇక్కడితో ఆగదన్నదే మా ఆందోళన. కంపెనీ నిర్ణయాలవల్ల, సరకుదారుల నిర్లక్ష్యంవల్ల అయ్యే ప్రతి ఖర్చునూ కార్మికుడి ప్రవర్తన కింద కొలిచి అతడి జేబులోంచి తీయవచ్చన్న పద్ధతికి ఇది దారి తీస్తుంది. ఈరోజు ఇంజిన్ నిమిషాలైతే, రేపు ట్రాఫిక్‌లో చిక్కుకున్న నిమిషాలవుతాయి. రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు దీన్ని యజమానికీ డ్రైవర్‌కూ మధ్య సర్దుబాటుగా వదిలేయడం బాధ్యతారాహిత్యం. కోత పెట్టిన ప్రతి కంపెనీ నుంచి వేతన లెక్కలు తెప్పించి పరిశీలించే అధికారం వాటికి ఉంది. లారీ గేటు దగ్గరకు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో చెప్పగలిగే పరికరం బండిలోనే ఉంది. ఆ రెండింటి నడుమ గంటలకు డ్రైవర్‌కు డబ్బు చెల్లించని కంపెనీకి అతడి బత్తాలో నిమిషాలకు కోత పెట్టే హక్కు లేదు. ఇప్పటిదాకా కోసిన సొమ్మును ముందు వెనక్కి ఇవ్వాలి; పరిమితుల గురించి ఆ తరువాతే మాట్లాడాలి.