మిశ్రమ స్టాక్ గారికి వేరు కాపురం సలహా

అయ్యా మిశ్రమ స్టాక్ గారూ,

నమస్కారం. రెండు రకాల నెట్‌వర్క్ స్విచ్‌లను కేబుళ్లతో కలిపి ఒకే స్విచ్‌లా నడిపే ఏర్పాటు మీరు. ఇంకా పుట్టలేదు. సర్వర్ గదిలో తెల్లబోర్డు మీద నీలి గీతలుగా మాత్రమే ఉన్నారు. అయినా మీ పుణ్యమా అని నాకు రెండు రోజులుగా నిద్ర లేదు.

మా ర్యాకులో సిస్కో 2960-ఎస్ స్విచ్‌లు, అంటే కంప్యూటర్లను నెట్‌వర్కులో కలిపే పెట్టెలు, మూడున్నాయి. మూతపడిన శాఖ నుంచి 2960-ఎక్స్‌లు రెండు వచ్చాయి. "ఐదింటినీ కలిపేయండి, కొత్తవి కొనే పని తప్పుతుంది" అన్నారు అకౌంట్స్ వారు. వారి దృష్టిలో స్విచ్‌లూ స్టీలు గిన్నెలే, ఒకదానిలో ఒకటి ఇమిడిపోవలసిందే.

మీ జాతకం తిరగేశాను. ఎక్స్‌లు తమలో తాము ఎనిమిది దాకా కలిసి ఉండగలవు, ఎస్‌లు నాలుగు దాకా. మరి రెండు రకాలూ కలిస్తే? సగటు తీసి ఆరనుకుంటే పొరపాటు. నాలుగే! పైగా ఎక్స్ తన స్టాక్ పోర్టు (తోటి స్విచ్‌తో కలిపే కేబుల్ తగిలించే చోటు) వేగాన్ని 20 గిగాబిట్ల నుంచి 10కి దించుకోవాలి, అదీ మన చేత్తో ఆదేశం టైపు చేసి. గుర్రాన్నీ ఎద్దునూ ఒకే గాటన కట్టడం విన్నాను కానీ, ముందుగా గుర్రం కాళ్లకు బంధం వేయడం ఇక్కడే చూస్తున్నాను. ఐదోదాన్ని ఏం చేయమంటారని అడిగితే, "అవసరానికి దాచండి" అన్నారు అకౌంట్స్ వారు. ఇంతకీ పొదుపు ఎక్కడో!

ఇక పెద్దరికం సంగతి, అంటే స్టాక్ మొత్తాన్ని నడిపే యజమాని ఏ స్విచ్ అన్నది. ప్రాధాన్యం 1 నుంచి 15 దాకా ఇవ్వవచ్చు, ఎక్కువున్నదానికే పెద్దరికం. మనం పట్టించుకోకపోతే అందరిదీ 1. మిగతా లెక్కలూ సమానమైతే మ్యాక్ చిరునామా (తయారీలోనే పడే గుర్తింపు సంఖ్య) చిన్నదైనవారే యజమాని. ఆ చిన్న సంఖ్య తరచూ ముందు పుట్టినదానికే ఉంటుంది. అంటే దుమ్ముపట్టిన తాతగారే పెత్తనం చేస్తారు. ఎక్స్‌కు 15 ఇవ్వాలని అరచేతిలో రాసుకున్నాను.

సాఫ్ట్‌వేర్ ఫైళ్లు వేరు, పొసగే వెర్షన్లు వెతకాలి. స్టాక్ పోర్టులుండే మాడ్యూళ్లూ వేరే. కలిసేది కేబుల్ ఒక్కటే: పక్కపక్కవాటికి అర మీటరుది, అడుగుదాన్ని పైదానితో కలిపి వలయం పూర్తిచేయడానికి మీటరుది. ఆ మీటరు కేబుల్ మాత్రం సిద్ధంగా ఉంది, మెలిక కూడా విప్పలేదు.

అందుకే బోర్డు తుడిచేశాను. ఎస్‌లు మూడూ ఒక స్టాక్, ఎక్స్‌లు రెండూ మరొకటి, మధ్య రెండు ఫైబర్ తీగలు కలిపిన ఒకే దారి. కాపురాలు వేరైనా రాకపోకలు మామూలే. అకౌంట్స్ వారికి మాత్రం ఐదూ కలిసే ఉన్నాయని చెబుతాను. ర్యాకు ఒకటే కదా. తాళం నా దగ్గరే ఉంది.

ఇట్లు,
మీ పురోహితుడు