ఊరికే పోయి రావడం

పోయిన డిసెంబరులో అమెరికా నుంచి కర్నూలు వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ, ఆమె పక్కింటి వదిన, ఎదురింటి టీచరమ్మ ముగ్గురూ కలిసి నన్ను మహానందికి వెంటబెట్టుకుని పోయారు. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కాబట్టి వాళ్ళు ముగ్గురూ ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటున్నానని చూపడానికి ఏ కార్డూ లేని నేనొక్కదాన్నే డబ్బిచ్చి టికెట్టు కొన్నాను. ఆ ఒక్క విషయం మీద నంద్యాలలో బస్సు మారేదాకా వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

గుళ్ళో దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది. తరువాత, అడుగున పడిన రూపాయి బిళ్ళ కూడా కనిపించేటంత తేటగా ఉండే ఆ ఐదడుగుల కోనేటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. బయటికొచ్చి చెట్టు కింద చిన్నమ్మ స్టీలు డబ్బా తెరిచి బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు పెట్టింది. బజ్జీలు మెత్తబడ్డాయని టీచరమ్మ వంక పెడుతూనే నాలుగు తినేసింది. ఇవన్నీ కలిపి మూడు గంటలు పట్టి ఉంటుంది. సాయంత్రం ఇంటి సందు మలుపులో ఒక పెద్దాయన "యాడికి పొయ్యొచ్చినారమ్మా అందరూ?" అని అడిగితే, చిన్నమ్మ తడుముకోకుండా "దేవుని దగ్గరికి పొయింటిమి నాయనా" అంది. ఆ జవాబులో అబద్ధమేమీ లేదు, పది నిమిషాల నిజం ఉంది.

ఆడవాళ్ళ స్నేహాల మీద, కలల మీద ఈమధ్య వచ్చిన సరదా సినిమాల గురించి ఈ సంచికకు రాయడానికి కూర్చున్నప్పుడు, ఒక్కొక్క సినిమానూ తలుచుకునేకొద్దీ నాకు చిన్నమ్మ చెప్పిన ఆ జవాబే గుర్తుకొచ్చింది. మన సినిమాలు ఆడవాళ్ళను నవ్వనిస్తున్నాయి, తిరగనిస్తున్నాయి, కలలు కననిస్తున్నాయి. కాని ప్రతిసారీ ముందుగా ఒక నెపం చూపించమంటున్నాయి. మగపిల్లల స్నేహానికి ఆ అవసరం ఎన్నడూ పడలేదు. 2018లో వచ్చిన 'ఈ నగరానికి ఏమైంది'లో నలుగురు కుర్రాళ్ళు తాగిన మత్తులో గోవా చేరుకుంటారు, ఎందుకెళ్ళారని ప్రేక్షకులెవరూ నిలదీయలేదు, పైగా ఆ సినిమాను మళ్ళీ విడుదల చేస్తే హాళ్ళు నింపారు.

2024లో వచ్చిన '35 - చిన్న కథ కాదు' నాకు చాలా నచ్చిన సినిమా. తిరుపతిలో బస్సు కండక్టరు భార్య, పదో తరగతి తప్పిన ఇల్లాలు, లెక్కలు రాని కొడుకు కోసం తాను మళ్ళీ లెక్కలు నేర్చుకోవడం దాని కథ. నివేదా థామస్ ఆ పాత్రలో నటించినట్టే అనిపించదు. అయినా ఒక సందేహం నన్ను వదలడం లేదు: ఆ సరస్వతికి కొడుకు లెక్కల్లో చురుకైనవాడే అయి ఉంటే, ఆమె పుస్తకం తెరవడానికి ఆ ఇల్లూ, ఆ కథా, మనమూ ఒప్పుకునేవాళ్ళమా? నాకు లెక్కలంటే సరదా, అందుకే నేర్చుకుంటున్నాను అని ఒక ఇల్లాలు అంటే వినడానికి మనమింకా సిద్ధపడలేదనుకుంటాను.

నందినీరెడ్డి తీసిన 'ఓ బేబీ' 2019 నాటిది, కాస్త పాతదే. డెబ్బయ్యేళ్ళ ముసలమ్మకు వయసు తిరిగొచ్చి పాటలు పాడుకోవడం హాయిగా ఉంటుంది, కాని ఆమెకు మొదటి నుంచీ తోడుగా నిలిచే నేస్తం ఒక మగవాడు. రాజేంద్రప్రసాద్ ఆ పాత్రను బంగారంలా చేశారు, అందులో వంక పెట్టడానికి లేదు. ఆ చోట ఒక ముసలామె ఉండి ఉంటే ఆ మాటలు ఇంకెంత ఘాటుగా ఉండేవో ఊహించుకోవాలంటే మా వీధి అరుగు మీద ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. ఇక 2022లో వచ్చిన 'శాకిని డాకిని'లో పోలీసు శిక్షణకు వచ్చిన ఇద్దరమ్మాయిలు కొట్టుకుంటూ తిట్టుకుంటూ స్నేహితులవుతారు. అంత చనువైన స్నేహం దొరికిందని సంతోషిస్తుండగా, దానికి మూలమైన కొరియా సినిమాలో ఆ ఇద్దరూ మగపిల్లలని తెలిసింది.

2025లో దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల సినిమాలు రెండొచ్చాయి. 'పరదా'లో ఊరి కట్టుబాటు ప్రకారం ముఖానికి ముసుగు వేసుకునే పిల్ల, ఒక ఇల్లాలు, ఒక ఇంజినీరు కలిసి ఉత్తరాది కొండల దాకా పోతారు. ఆ ముగ్గురి మాటలూ దారిపొడవునా బాగుంటాయి, ముఖ్యంగా ఇల్లాలిగా వేసిన సంగీత కనిపించిన ప్రతిచోటా కథ తేలికపడుతుంది. అయితే ఆడవాళ్ళు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే అంత దూరం పోవాలా అన్నది నా ఫిర్యాదు. కొండలూ మంచూ లేకుండా, నంద్యాల బస్టాండులో బస్సు కోసం నిలబడి కూడా ఆ మాటలు మాట్లాడుకోవచ్చు, మేము మాట్లాడుకున్నాం.

రెండోది 'శుభం'. నా లెక్కలో అన్నిటికంటే గడుసైన ఆలోచన దీనిదే. రాత్రి సీరియల్ సమయానికి భార్యలకు దెయ్యాలు పడతాయి, ఆ దెయ్యాలకు కావలసిందల్లా సీరియల్ చివరికేమైందో తెలియడమే. పగ లేదు, పసుపు కుంకుమల గొడవ లేదు, కొడుకు చదువు లేదు. ఎవరికీ ఏ ఉపయోగమూ లేని ఒక చిన్న కోరిక కోసం చచ్చిన ఆడవాళ్ళు తిరిగొచ్చారు. మా చిన్నమ్మ ఈ సినిమా చూసి "నేను గూడ వస్తా పాపా, నా సీరియల్ అయిపోకుండ పోతే" అంది. అంత మంచి ఊహ చేతిలో పెట్టుకుని ఆ కథ ఎక్కువసేపు ముగ్గురు భర్తల భయాల చుట్టూ, వాళ్ళ స్నేహం చుట్టూ తిరగడం మాత్రం నాకు బాధ కలిగించింది. ఆ ముగ్గురు భార్యలూ పగటిపూట ఒకచోట కూర్చుని సీరియల్ గురించి ఏమనుకుంటారో వినాలని నాకుంది.

తెలుగు సినిమాకు కర్నూలు పిల్ల అనగానే 2003 నాటి 'ఒక్కడు' గుర్తొస్తుంది. కొండారెడ్డి బురుజు దగ్గర హీరో ఆమెను కాపాడతాడు. ఆ పిల్ల పేరు స్వప్న అయినా, అప్పటికి ఆమెకున్న స్వప్నమంతా ప్రాణాలతో బయటపడి అమెరికా చేరుకోవడమే. సీమ అంటే సుమోలూ బాంబులే అనుకునే రోజులవి. కడప జిల్లా నుంచి పోయిన నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి, ఉద్యోగం కోసం వచ్చిన బి.ఏ. చదివిన అమ్మాయి చుట్టూ 1955లోనే 'మిస్సమ్మ'లాంటి నవ్వుల సినిమా నిర్మించారన్నది అందరూ మరిచిపోయారు.

ఆ స్వప్న నిజంగానే అమెరికా వచ్చి ఉంటే ఇక్కడ ఎవరితో కబుర్లు చెప్పుకునేదా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఇక్కడ మనలో చాలామందికి స్నేహితురాళ్ళంటే భర్త ఆఫీసులో పనిచేసేవాళ్ళ భార్యలు, లేకపోతే పిల్లల స్కూల్లో పరిచయమైన తల్లులు. పుట్టినరోజనో, ముగ్గుల పోటీ అనో, వ్రతమనో కలుస్తాం, చేతిలో ఏదో ఒక గిన్నె లేకుండా ఒకరి గుమ్మం ఒకరు ఎక్కం. నేనూ ఇంకొకామే వారానికొకసారి పిల్లల డాన్సు క్లాసు బయట కారులో కూర్చుని ముప్పావు గంట మాట్లాడుకుంటాం. ఆమె పెళ్ళికి ముందు వీణ వాయించేదని నాకు నాలుగో ఏడు తెలిసింది. ఎందుకు మానేశావని నేను అడిగి, ఆమె చెప్పడం మొదలుపెట్టేసరికి పిల్లలు వచ్చి వెనక తలుపు తీశారు. మరుసటి వారం ఆ మాట మళ్ళీ ఎత్తడానికి ఇద్దరికీ మొహమాటమేసింది. సినిమా తీయదగిన స్నేహమంటే నా దృష్టిలో ఇది, కాని దీనికి ప్రయాణాలూ పరీక్షలూ దెయ్యాలూ అక్కరలేదు, క్లాసు ఇంకో అరగంట ఆలస్యంగా వదిలితే చాలు.

మొన్న చిన్నమ్మ ఫోన్ చేసి, ఈసారి ముగ్గురూ మార్నింగ్ షోకి పోదామనుకుంటున్నామని చెప్పింది. ఏ సినిమా అని అడిగాను. అది ఇంకా అనుకోలేదంది. ఇంట్లో ఏమని చెప్పాలన్నది మాత్రం తేలిపోయిందట: పొదుపు సంఘం మీటింగు.