అత్తారింటి అరుగు మీద ఆటో రిప్లై తగువు

(భోగి ముందు రోజు సాయంత్రం, రాజమండ్రిలో అత్తారింటి అరుగు. బావ హైదరాబాద్‌లో పంపులు తయారుచేసే కంపెనీలో పర్చేజ్ చూస్తాడు. బావమరిది ఐటీ సపోర్ట్‌లో పనిచేస్తాడు. బావ ఒళ్లో లాప్‌టాప్, పక్కన అరిసెల పళ్లెం.)

బావమరిది: రేపటి నుంచి సెలవు కదా బావా, ఆఫీసు మెయిల్‌కి ‘సెలవులో ఉన్నాను’ అని దానంతటదే జవాబు వెళ్లేలా ఆటోమేటిక్ రిప్లై పెట్టావా?

బావ: అక్కర్లేదురా. ఫోన్ జేబులోనే ఉంటుంది. మరీ అవసరమైతే వాళ్లే చేస్తారు.

బావమరిది: నంబరు తెలిసినవాళ్లు చేస్తారు. తెలియనివాళ్ల సంగతేంటి? ఎల్లుండి పొద్దున నీ జర్మనీ సప్లయర్ డ్రాయింగ్ పంపి అప్రూవ్ చేయమంటాడు. మన సంక్రాంతి అతనికేం తెలుసు? రెండు రోజులు చూసి మూడో రోజు మీ బాసుకి రాస్తాడు.

బావ: మరి మిషన్ చేత చెప్పిస్తే మర్యాదా? పోయినవారం ఒకాయనకి కొటేషన్ అడుగుతూ రాస్తే ఏమొచ్చిందో తెలుసా? ‘నేను సెలవులో ఉన్నాను. మెయిల్ అప్పుడప్పుడు చూస్తుంటాను. వీలైనంత త్వరగా జవాబిస్తాను.’ ఎప్పుడొస్తాడో లేదు, ఎవర్ని అడగాలో లేదు. దాంతో నాకు ఒరిగిందేంటి?

బావమరిది: అది రాసినవాడి తప్పు బావా. ఆ ‘అప్పుడప్పుడు చూస్తుంటాను’ ఉందే, అసలు తంటా అక్కడే. అవతలివాడు ఆగాలో, ఇంకొకర్ని పట్టుకోవాలో తేల్చుకోలేడు. నువ్విలా రాయి: ‘జనవరి 14 నుంచి 18 వరకు సెలవు. ఈ రోజుల్లో మెయిల్ చూడను. 19, సోమవారం నుంచి జవాబిస్తాను. ఈలోగా ఆర్డర్ల విషయం ఫలానావారికి రాయండి.’ అంతే. నెల మాత్రం అక్షరాల్లోనే రాయి. 02/01 అని రాస్తే మనకి జనవరి 2, అమెరికావాడికి ఫిబ్రవరి 1.

బావ: చూడనని రాయడం అబద్ధం కదరా. నేను చూస్తాను.

బావమరిది: చూడు, ఎవరొద్దన్నారు? చూసి జవాబిస్తే వాళ్లు సంతోషిస్తారు. ముందే ఆశ పెట్టొద్దంటున్నాను. అయినా కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, నువ్వు కొటేషన్లు కదుపుతావా?

బావ: సరే, ఇది చెప్పు. ఫలానావారికి రాయమంటే, ఆ ఫలానావాడు కూడా సెలవులో ఉంటే? నాకు జరిగింది. ఒకాయన ఆటో రిప్లై రెండో ఆయన పేరు చెప్పింది. ఆయనకి రాస్తే ఆయన ఆటో రిప్లై మళ్లీ మొదటాయన్నే చూపించింది. ఇద్దరి మధ్య నా పంపు సీళ్ల ఆర్డరు గాల్లో వేలాడింది.

బావమరిది: (నవ్వు ఆపుకుంటూ) సంక్రాంతికి సగం ఆఫీసు ఖాళీ, అలా జరుగుతుంది. అందుకే పేరు రాసేముందు ఆ మనిషిని అడగాలి. వీలైతే ఒకరి పేరు బదులు డిపార్ట్‌మెంట్ అందరూ చూసే మెయిల్ అడ్రస్ ఇవ్వాలి.

బావ: దొంగల సంగతో? ‘ఊళ్లో లేను, ఫలానా తేదీకి వస్తాను’ అని ముక్కూమొహం తెలియనివాడికి కూడా చెప్పేస్తుంది ఆ మిషన్. నేను లేనని తెలిసినవాడు నా పేరుతో అకౌంట్స్‌కి ‘అర్జెంటు, ఈ ఖాతాకి పేమెంట్ వేసేయండి’ అని మెయిల్ కొడితే?

(ఇది గట్టి దెబ్బే. బావమరిది ఒక అరిసె ముక్క విరిచి నోట్లో వేసుకుని గానీ మాట్లాడలేదు.)

బావమరిది: ఆ భయం నిజమే. అందుకే ఆఫీసుల్లో వాడే ఔట్‌లుక్‌లో రెండు వేర్వేరు పెట్టెలుంటాయి: ఒకటి సంస్థ లోపలివాళ్లకి, ఒకటి బయటివాళ్లకి. లోపలివాళ్లకి వివరంగా, బయటివాళ్లకి రెండు ముక్కల్లో రాసుకో. జీమెయిల్‌లోనైతే నీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకి మాత్రమే వెళ్లేలా టిక్ పెట్టుకోవచ్చు. స్పామ్ అనుకున్న మెయిల్‌కి అది ఎలాగూ జవాబివ్వదు. ఊరి పేరు, సొంత నంబరు, బాసు నంబరు బయటివాళ్లకి అసలివ్వకు.

బావ: అవతలివాడూ సెలవులో ఉంటే? నా మిషను, వాడి మిషను రాత్రంతా ‘నేను లేను, నేనూ లేను’ అని ఒకదానికొకటి రాసుకుంటూ కూర్చోవూ!

బావమరిది: ఆ భయమక్కర్లేదు. దాని గురించి ఇంటర్నెట్ నియమాలు రాసేవాళ్లు 2004లోనే ఆర్‌ఎఫ్‌సీ 3834 అని ఒక ప్రమాణం రాసుకున్నారు. ఆటోమేటిక్ జవాబు మీద ‘ఇది మిషన్ పంపింది’ అని కనపడని ముద్ర ఉంటుంది, దానికి ఇంకో మిషన్ తిరిగి జవాబివ్వకూడదు. పైగా ఒకే మనిషి ఎన్నిసార్లు రాసినా జీమెయిల్ నాలుగు రోజులకి ఒక్కసారే పంపుతుంది. ఔట్‌లుక్ అయితే ఆపేదాకా ఒక్కొక్కరికి ఒక్కసారే.

బావ: మరి స్వాన్సీ బోర్డు? 2008లో వేల్స్ దేశంలో, స్వాన్సీ కౌన్సిల్‌వాళ్లు పెద్ద లారీలు రాకూడదని రోడ్డు పక్కన బోర్డు పెట్టాలనుకున్నారు. ఇంగ్లిష్‌లో రాసి, అక్కడి భాష వెల్ష్‌లోకి మార్చమని అనువాదకుడికి మెయిల్ పంపారు. వెంటనే వెల్ష్‌లో జవాబొచ్చింది. అదే అనువాదమనుకుని పెద్ద అక్షరాలతో అచ్చేసి రోడ్డు మీద నిలబెట్టారు. తీరా చూస్తే, అందులో ఉన్నది ‘ప్రస్తుతం నేను ఆఫీసులో లేను, అనువాదం చేయాల్సిన పని ఏదైనా ఉంటే పంపండి’ అని! ఇదీ మీ ఆటో రిప్లై నిర్వాకం.

బావమరిది: (ఈసారి నవ్వు ఆగలేదు) ఆ జవాబు చదవాల్సినవాళ్లకి ఆ భాష రాదు, అదీ లోటు. పైన సబ్జెక్ట్ లైన్‌లో ఇంగ్లిష్‌లో ‘సెలవులో ఉన్నాను, 19న వస్తాను’ అన్న ముక్క ఉంటే బోర్డు దాకా వెళ్లేదా? నీ జర్మనీ సప్లయర్‌కీ కోయంబత్తూరు ఫౌండ్రీకీ ఇంగ్లిష్‌లో రాస్తే సరిపోతుంది.

బావ: సరేలే. లోపలివాళ్లకి పెడతా. బయటివాళ్లకి వద్దు.

బావమరిది: నువ్వు లేవని లోపలివాళ్లందరికీ తెలుసు బావా! స్వీట్ బాక్సు పంచి మరీ వచ్చావు. తెలియనిది బయటివాళ్లకే.

బావ: (టైప్ చేస్తూ) సర్లే, రెండే లైన్లు. నా నంబరుండదు, ఊరి పేరుండదు.

బావమరిది: అదే చాలు. ముగింపు తేదీ కూడా పెట్టు, లేకపోతే ఫిబ్రవరిలో కూడా అందరికీ సెలవులోనే ఉంటావు. పెట్టాక నీ సొంత మెయిల్ నుంచి ఒకటి పంపి చూసుకో.

బావ: తిరిగొచ్చే రోజు 20 అని రాశాను.

బావమరిది: 19నే కదా ఆఫీసుకి వెళ్లేది? అబద్ధమొద్దంది ఎవరు?

బావ: ముందే ఆశ పెట్టొద్దంది నువ్వేగా. ఆ పళ్లెం ఇటు జరుపు.