కర్నూలు నుంచి కడపకు అర గంటేనట!

మొన్న కడపలో ఉన్న మా అక్కకు ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేదని కబురు వచ్చింది. ఉదయం ఆరున్నరకు కర్నూలు బస్టాండులో బస్సెక్కి కూర్చున్నానో లేదో, విదేశంలో ఉన్న మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, కర్నూలు నుంచి కడపకు విమానంలో అర గంటేనట. బస్సెందుకు, విమానంలో వెళ్ళండి" అన్నాడు. వాడి గొంతులో ఆత్రం నాకు తెలుసు. వాడి తప్పేమీ లేదు. ఏదో వెబ్‌సైటులో రెండు ఊళ్ళ పేర్లు కొడితే దూరమూ, విమాన సమయమూ వచ్చాయి. ఈ రెండింటి మధ్య నేరుగా విమానమే లేదన్న సంగతి మాత్రం రాలేదు.

ఆ అర గంట ఎలా పుట్టిందో బస్సులో కూర్చుని లెక్క వేశాను. కర్నూలుకు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయానికీ, కడప విమానాశ్రయానికీ మధ్య గీత గీస్తే దాదాపు 150 కిలోమీటర్లు. చిన్న విమానాశ్రయాలకు వచ్చే ఏటీఆర్ అనే చిన్న విమానం వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. పైకి లేవడానికీ కిందికి దిగడానికీ కొంత కలిపితే అర గంట. లెక్క సరైనదే. కానీ ఆ భాగహారం మా అక్క మంచం దగ్గరకు ఎవరినీ చేర్చదు.

రేపు విమానం వేశారనే అనుకుందాం. ఓర్వకల్లు విమానాశ్రయం నంద్యాల రోడ్డులోనే ఉంది, అంటే కడప వెళ్ళే దారిలోనే. ఇరవై కిలోమీటర్లు వెళ్ళి అక్కడ ఆగిపోవాలి. కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందైనా చేరాలి. తనిఖీలన్నీ అయి విమానం కదిలేసరికి, మనతోపాటు కర్నూలులో బయలుదేరిన కారు నంద్యాల దాటి ఆళ్ళగడ్డ వైపు పోతుంటుంది. కడపలోనూ విమానాశ్రయం ఊరి బయటే. గడప నుంచి గడపకు ఎంత చూసుకున్నా మూడు గంటలకు తగ్గదు. కారులో నాలుగు గంటలు. మిగిలే ఆ గంట కోసం అంత ఖర్చా?

విమానాలు వద్దని నేను అనడం లేదు. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం మొదలైన రోజే కడప–హైదరాబాదు విమానం ఎగిరితే ఎంతో గర్వపడ్డాను. 2021 మార్చిలో ఓర్వకల్లు నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలు మొదలైనప్పుడూ అంతే. విశాఖకు బస్సులో వెళితే రాత్రంతా ప్రయాణించినా తెల్లవారి ఇంకా దారిలోనే ఉంటాం. అలాంటి దూరాలకు విమానాలు ఆగకుండా నడపాలని గట్టిగా అడగాలి.

కడపకైతే అడగవలసింది రైలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె మీదుగా ఎర్రగుంట్ల–నంద్యాల మార్గంలో 2016 నుంచి రైళ్ళు తిరుగుతున్నాయి. కర్నూలు వాళ్ళు డోన్ చుట్టి నంద్యాల చేరి ఆ దారి పట్టాలి. చుట్టయినా సరే, పొద్దున వెళ్ళి ఆసుపత్రిలో మనిషిని చూసి రాత్రికి ఇల్లు చేరేలా వేళలు కుదిర్చితే ఎన్ని కుటుంబాలకు మేలో!

నంద్యాల బస్టాండులో బస్సు ఆగినప్పుడు మళ్ళీ ఫోను మోగింది. "దిగారా మామయ్యా?" ఇంకా సగం దారి కూడా కాలేదని వాడికి ఎలా చెప్పను?

అక్క ఇంటి మెట్లెక్కేసరికి పదకొండున్నర దాటింది. అక్క నిద్రపోతోంది. పక్కన కూర్చుని మేనల్లుడికి రెండే అంకెలు పంపాను, బయలుదేరిన వేళ, చేరిన వేళ. విమానం లేని చోట విమాన సమయం చూపించవద్దని ఆ వెబ్‌సైటు వాళ్ళకూ రాశాను. జవాబు ఇంకా రాలేదు.