ఇన్‌చార్జి తాళంచెవి శ్రీ స్క్రూడ్రైవర్ గారికి

అయ్యా,

ఒక్కరోజు సర్దుబాటుకని వచ్చి ఏళ్ల తరబడి కుర్చీ వదలని ఇన్‌చార్జి ఆఫీసర్లలో తమరే పెద్ద. పాత డీజిల్ ట్రాక్టరు కీ తిప్పితే, ఇంజిన్‌ను తిప్పి లేపే సెల్ఫ్ మోటారు పలకదు. తమరు దిగి, సెల్ఫ్ మీద బ్యాటరీ వైరు వచ్చే పెద్ద బోల్టునూ పక్కనున్న చిన్న టెర్మినల్‌నూ కలిపి ముట్టిస్తే చిటుక్కున నిప్పురవ్వ, బండి స్టార్టు! ఓనరు మీసం దువ్వుకుంటాడు.

(కొందరు రెండు పెద్ద బోల్టుల్నే కలిపేస్తారు. మోటారు ఉత్తినే గిర్రున తిరుగుతుంది తప్ప దాని కొసన ఉండే చిన్న పళ్లచక్రం, పినియన్, ఇంజిన్ పెద్ద చక్రమైన ఫ్లైవీలును అందుకోదు. ఆ పాపం తమది కాదు లెండి.)

తమరిచ్చే సాక్ష్యం ఎవరూ వినరు. తమతో స్టార్టయిందంటే బ్యాటరీ, లావు వైర్లు, సోలనాయిడ్ (మోటారుకు పెద్ద కరెంటు వదిలే స్విచ్), మోటారు బాగున్నట్టే. తప్పంతా చిన్న టెర్మినల్‌కు వచ్చే సన్నవైరు దారిలోనే: కీ స్విచ్, ఫ్యూజు, వైర్లను కలిపే కప్లరు, క్లచ్ దగ్గరో గేరు దగ్గరో ఉండే సేఫ్టీ స్విచ్. అయినా ఓనరు పోయి కొత్త బ్యాటరీ తెస్తాడు. వైరు పీకకుండానే చిన్న టెర్మినల్‌కూ ఇంజిన్ బాడీకీ మీటరు పెట్టి, ఇంకొకరు కీ తిప్పి పట్టుకుంటే తేలిపోయే సంగతి. అక్కడ 12కు బదులు 6, 7 వోల్టులే ఉంటే ఆ వైరు వెంట వెనక్కి వెతుక్కుంటూ పోవడమే. టెస్టు బల్బును నమ్మొద్దు. బల్బు వెలిగేంత కరెంటు సోలనాయిడ్‌ను లాగలేదు.

తమరు ముట్టించినా ‘టక్’మని ఊరుకుంటే, మీటరు బ్యాటరీ పోస్టుల మీదికి మార్చి మళ్లీ ముట్టించి చూడాలి. 12.6 కాస్తా 9 కిందికి పడితే బ్యాటరీ నీరసించింది, లేదా సెల్ఫ్ పట్టేసింది. 12 దగ్గరే నిలిస్తే బ్యాటరీకి ఏ పాపమూ తెలియదు. అలా ముట్టిస్తుండగానే మైనస్ పోస్టుకూ సెల్ఫ్ బాడీకీ మధ్య అర వోల్టు దాటితే దొంగ, బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకి కలిపే ఎర్త్ వైరే. బిగించిన చోట పెయింటు, తుప్పు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాలి. అదీ కాకపోతే సోలనాయిడ్ లోపలి కాంటాక్టులు కాలి ఉండొచ్చు.

సెల్ఫ్ జోరుగా తిరిగినా సైలెన్సర్లో పొగే రాకపోతే డీజిల్ అందలేదు. డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయడం స్పానరు శాఖ.

ఇక తమరి మీద అసలు ఛార్జిషీటు. తమరిని పట్టుకున్నవాడు నిలబడేది వెనక పెద్ద టైరుకు ముందు. గేరులో ఉంటే సేఫ్టీ స్విచ్ ఆపేది, తమరు దాన్ని తప్పించుకుని పోతారు. ఇంజిన్ అంటుకున్న మరుక్షణం ఆ టైరు మనిషి మీదికొస్తుంది. అందుకే టెస్టుకైనా సరే, గేరు రాడ్డు కదిపి న్యూట్రల్ చూసి, హ్యాండ్ బ్రేకు వేసి, టైర్లకు రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపే స్టాప్ నాబ్ బయటికి లాగాకే తమరిని పిలవాలి.

తమరిని ఇన్‌చార్జి బాధ్యతల నుంచి తప్పించి తక్షణం మాతృశాఖకు పంపుతున్నాం. డ్యాష్‌బోర్డు మరలు విప్పి కొత్త కీ స్విచ్ బిగించే పనికి రిపోర్టు చేయగలరు.